గది ఫేడరు

చీమకుర్తిలో నా స్టూడియో అంటే
పాలిషింగ్ యూనిట్ మేడ మీద ఒక గది.
గోడలకి కోడిగుడ్ల అట్టలు,
కిటికీకి పాత బొంత.
కింద రాయి కోసే బ్లేడు ఆగితేనే
పైన నా పని మొదలు.

తెర మీద ఎనిమిది ఫేడర్లు.
కిక్కు, స్నేరు, హై-హ్యాటు, మూడు టామ్‌లు,
నెత్తిన వేలాడే మైకు,
చిట్టచివర్న గది.
కొట్టేవాడు లేడు, కర్రా లేదు.
హౌసీ కాయితంలో అంకెలు కొట్టినట్టు
మౌసుతో గళ్లలో చుక్కలు పెడతాను.

బ్యాండుమేళం మాల్యాద్రి చెప్పి పోయాడు:
"ముగ్గురు డ్రమ్ములోళ్ల కూలి మిగలాల.
బండిలో బాక్సులు, ఒక పెన్‌డ్రైవు, అంతే.
ఖాసింపీరాని పంపిస్తా. ఆయన సరేనంటే డబ్బులిస్తా."

పంపాడు.
ముప్ఫయ్యేళ్లు సైడ్ డ్రమ్ము మోసిన మనిషి,
ముహూర్తాల్లేని నెలల్లో క్వారీలో డ్రిల్లింగు మిషను పట్టిన మనిషి,
తన బదులు వాయించబోయేదాన్ని
తనే పాసు చెయ్యడానికొచ్చి
చెప్పులు బయట విప్పి కూర్చున్నాడు.

"తాళం చిప్పలు యాడబ్బయ్యా?"
"ఉన్నాయి మావా."
హై-హ్యాటు రెండు గీతలు పెంచాను.
"యాడ?"
ఇంకో రెండు.
నా చెవిలో గాజుపెంకులు నూరుతున్నారు,
ఆయన ముఖంలో ఏ కదలికా లేదు.
పైశ్రుతులన్నీ ఆ మిషనే
ఎప్పుడో తినేసిందని అప్పుడర్థమైంది.
చెప్పకుండా మళ్లీ దించాను.
ఆయన నా వేలు చూశాడు.
"దించినావా? దించు.
పెళ్లి నా చెవులకా ఏంది?"

తర్వాత స్నేరు.
"అన్ని దెబ్బలూ ఒకే తీరున పడతన్నయ్యే,
వాడికి చెయ్యి నొయ్యదా?"
"చెయ్యి లేదు మావా."
"లేకపోతే పెట్టు.
మూడో మలుపు కాడికి ఎడంచెయ్యి బరువెక్కిద్ది.
గుర్రం బెదిరిద్దేమోనని ఒక దెబ్బ మింగుతాం.
పెళ్లికొడుకు మేనమామ నోటు పైకెత్తితే
చూపు అటు బోయి, ఒక దెబ్బ ముందు పడిద్ది."

నూటిరవై ఏడు దగ్గర బారులు తీరిన చుక్కల్ని
ఒక్కొక్కటే కిందికి లాగాను.
తొంభై. డెబ్బై నాలుగు. అరవై ఒకటి.
ఒకచోట పదిహేడు:
ఉంటే వినపడదు,
తీసేస్తే తెలుస్తుంది.

"ఆ చివరిదేంది?"
"గది మావా. ఏదో దేశంలో
ఈ డ్రమ్ములన్నీ రికార్డు చేసిన హాలు.
చెక్క గోడలంట. ఆ గాలి కూడా కొన్నాను."
(కొనలేదు. ఒంగోలు ఫ్రెండొకడు కాపీ ఇచ్చాడు.)
ఖాసింపీరా దగ్గొచ్చేదాకా నవ్వాడు.
"ఊరేగింపుకి గదేందిరా?
పైన ఆకాశం, కింద తారు.
ఎవురింట్లో దూరి కొడతన్నాం?"

గది ఫేడరుని అడుగంటా లాగాను.
డ్రమ్ములన్నీ ఒక్కసారిగా
మే నెల ఎండలో నిలబడ్డాయి,
పక్కదాంతో మాటల్లేనట్టు, దేనికదే.

"మరీ ఒట్టిగా ఉంది మావా."
"ఉండిద్ది.
రోడ్డుకి రెండు పక్కలా రాళ్లు పేర్చుంటారు గదా,
ఆ పలకలకి కొట్టుకొని
మన దెబ్బే ఎనక్కొచ్చిద్ది.
దాంతో కలిపి వాయిస్తాం మేం.
వాడు నాలుగోవోడు. కూలడగడు."

నాలుగున్నర.
మోకాలి మీద ఆయన వేళ్లు ఏదో నడక నడుస్తున్నాయి.
గడియారం చూడలేదు, ఉన్నట్టుండి ఆగాయి.
అప్పుడు పేలింది క్వారీ.
మెట్లు, కుర్చీకాళ్లు, మౌసు కింది అట్ట,
అన్నీ కలిపి ఒకటే కిక్కు.
దానికి ఫేడరు లేదు.
అది పోయాక
వేళ్లు వదిలినచోటే అందుకున్నాయి.

లేచి చెప్పులేసుకుంటూ అడిగాడు,
"ఎంతసేపొచ్చిద్ది ఇది?"
"పదకొండు నిమిషాలు. అయిపోగానే
దానంతటదే మళ్లీ మొదటికొస్తుంది."
"మొదటికొస్తే
ఆ చేతినొప్పి కూడా పోయిద్దా?"

కింద బ్లేడు మొదలైంది.
నేనేం చెప్పినా వినపడే వేళ కాదది.