లాకు అవతలి వీధి

ఏప్రిల్‌లో కాలవ కట్టేశారు.
మూడో రోజుకి నీళ్ళు మడుగులయ్యాయి,
ఆరో రోజుకి అడుగు బయటపడింది.
అప్పుడు చూశాను నా ఎర్ర మగ్గుని.
చెవి విరిగిందని
పోయిన అట్లతద్ది నాడు గట్టు మీంచి గిరాటేసిన మగ్గు.
ఈపాటికి సముద్రంలో కలిసుంటుంది అనుకున్నాను.
ఎక్కడికీ పోలేదు.
మా రేవు మెట్లకి నాలుగు గజాల్లో
బురదలో కూరుకుపోయి, నోరు తెరుచుకుని
మా గుమ్మం వైపే చూస్తోంది.

దాని చుట్టూ మా వీధి వీధంతా ఉంది.
రొయ్యల మేత సంచులు,
గృహప్రవేశం భోజనాల గ్లాసులు ఒకదాంట్లో ఒకటి,
మందు సీసాలు, పసిపిల్లాడి డైపర్లు,
పేరు చెరగని ఒక స్కూలు సంచీ.
ఏది ఎవరిదో అందరికీ తెలుసు.
గట్టు మీద నిలబడి
ఆకాశం కేసి చూస్తూ
ఈ ఏడు ఎండలు మండిపోతున్నాయండీ అనుకున్నాం.

ఆ కాలవే కదా ఊరి చెరువు నింపేది,
ఆ చెరువే కదా మా బిందెలు నింపేది.
ఆ మాట మాత్రం ఎవరూ అనలేదు.

చెత్తబండి ఇన్నాళ్ళూ లాకు దాకానే వచ్చేది.
అవతల వంతెన ఇరుకు, బండి తిరగదు
అని నరసాపురం మునిసిపాలిటీలో ఎవరో రాసిపెట్టారట.
బండి పాట మాత్రం పొద్దున్నే నీళ్ళ మీంచి వచ్చేది,
పక్కింటి పెళ్ళి మేళంలా.

జూన్‌లో నీళ్ళు వదిలిన వారానికి
వంతెన మీదికి ఒక బుల్లి బ్యాటరీ బండి ఎక్కింది.
దాని వెనకాల గెద్దాడ సువార్తమ్మ,
చీర మీద ఆకుపచ్చ కోటు, చేతిలో ఈల.
ఇంటికి మూడు బుట్టలిచ్చింది.
తడికి పచ్చ, పొడికి నీలం,
గుచ్చుకునేదానికీ, రోగం తెచ్చేదానికీ ఎరుపు.

మా వీధికి సందేహాలెక్కువ.
చేప పొలుసులు తడే, మరి ఎండు చేప తలకాయ?
లేసు అల్లగా మిగిలిన దారప్పోగులు?
కొబ్బరి డొక్క ఎందులో వెయ్యమంటావమ్మా అని
సుబ్బాయమ్మ గారు అడిగితే,
"మీ పొయ్యిలోనండి" అంది సువార్తమ్మ.
వీధంతా నవ్వింది, సుబ్బాయమ్మ గారు తప్ప.

మూడో రోజు మా పచ్చ బుట్టలో చెయ్యి పెట్టి
అన్నం మెతుకుల్లోంచి
సగం బ్లేడు బయటికి తీసింది.
ఏమీ అనలేదు.
తొడుగు విప్పి ఎడం చెయ్యి చూపించింది.
ఉంగరం వేలికి గోరు లేదు.
"తొమ్మిదో వార్డులో," అంది, ఊరు పేరు చెప్పినట్టు.

ఆ రాత్రి నుంచి మా ఇంట్లో బ్లేడుకి
తద్దినం బియ్యమంత మర్యాద.
కాగితంలో చుట్టి, దారం కట్టి, ఎరుపులో.

మీరావలి సంగతి మిగిలింది.
పద్దెనిమిదేళ్ళుగా నెలకి రెండు ఆదివారాలు
సైకిలు మీద కాటా కట్టుకుని వచ్చేవాడు.
పేపర్లు, సీసాలు, తుప్పు పట్టిన బాల్చీలు.
కాటా ముల్లు కాస్త అతని వైపే మొగ్గేది,
మేమూ చూసీ చూడనట్టుండేవాళ్ళం.
మొన్న లాకు దగ్గర ఆగి
మా అరుగుల మీద నీలం బుట్టలన్నీ లెక్కపెట్టుకున్నాడు.
"మరి నా సైకిలుకేదమ్మా?" అన్నాడు.
నా దగ్గర జవాబు లేదు.
మజ్జిగ ఇచ్చాను.

నెలన్నర నుంచి మంచం కింద
పేపర్ల కట్ట ఒకటి దాస్తున్నాను.
నిన్న బుట్ట తేలిగ్గా లేస్తే
సువార్తమ్మ గుమ్మంలోంచి లోపలికి చూసింది.
"మంచం కిందవి నేనడగనులెండి.
మా కనకయ్య మావయ్యా కాటా మోసినోడే."
ఈల ఊదుకుంటూ వెళ్ళిపోయింది.

కాలవ ఇప్పుడు నిండుగా ఉంది,
గుర్రపు డెక్క తేలుతూ పోతోంది.
పైనుంచి చూస్తే ఎంత బావుందో.
కానీ నాకు తెలుసు, నాలుగు గజాల్లో
నా మగ్గు నోటినిండా నీళ్ళతో అక్కడే ఉంది.
ఆనాడు సిగ్గుపడి దిగలేదు.
వచ్చే ఏడు కాలవ కట్టేశాక
చీర ఎగ్గట్టి దిగుతాను.
కడిగి తెచ్చి, ఏ బుట్టలో వెయ్యాలో
సువార్తమ్మని అడగాలి.