మోకాలు మారే చోటు

ఏటా ఆగస్టు చివరి శనివారం
మొడెస్టోలో, టైర్ల కొట్టు పక్కనున్న పాత థియేటర్లో
రాత్రి పదకొండున్నరకు అదే సినిమా వేస్తాం.
వేస్తాం అంటే, వేసేది ఒస్వాల్డో,
టికెట్లు చింపేది నేను.
రీలు ఎర్రబారిపోయింది. అందులో ఆకాశం కూడా
ఉల్లిపొర రంగులో ఉంటుంది.

కథ ఏముంది.
స్కేట్‌బోర్డు తప్ప దిక్కులేని కుర్రాడు.
వాడి కొండవాలు మీద కన్నేసిన
తివాచీల షోరూం ఓనరు, తెల్ల సూటు,
ఒళ్ళో ఎప్పుడూ ఓ పిల్లి.
ఆ పిల్లి మూడో సీనులో నల్లది, ఐదో సీనులో చారలది.
చివర్లో చావో రేవో పందెం.
పొద్దున మొదలైన పందెం
మలుపు తిరిగేసరికి నీడలు సాయంత్రానివి,
ఇంకో మలుపుకి మళ్ళీ పొద్దున.

జనం ఎక్కడెక్కడి నుంచో వస్తారు
మోకాళ్ళకు ప్యాడ్లు కట్టుకొని.
తప్పు దొర్లిన ప్రతిసారీ వాటి మీద టకటకా కొడతారు.
మైకు పైనుంచి తెరలోకి తొంగిచూస్తే
అందరూ లేచి దానికో దండం పెడతారు.
"నా చక్రాలకు తల వంచడం రాదు నాన్నా"
అని హీరో గొంతు జీరపోయే చోట
మూడొందల గొంతులు వాడికంటే ముందే అనేస్తాయి,
వాడికంటే బాగా అంటాయి.

మొదటేడు నాకు ఒళ్ళు మండింది.
చెత్తను చెత్త అనడానికి
ఇంత పెట్రోలు తగలేసుకొని రావాలా అని.
రెండో ఏడు నేనూ అనేశాను, చక్రాలూ నాన్నా అన్నీ.
మంచి సినిమాలో మనకు పనుండదు,
అంతా వాళ్ళే చేసి పెట్టేస్తారు.
ఇది చిల్లుల దుప్పటి.
ఎక్కడైనా చెయ్యి దూరుతుంది.

అసలు సంబరం ఎండిన ఈతకొలను దగ్గర.
హీరో అంచున నిలబడి, జుట్టు ఎగరేసి,
అదోలా నవ్వుతాడు. కట్.
దూకేది డూపు.
విగ్గు చెవుల మీదికి జారి ఉంటుంది,
బారు చేతులు పొట్టివైపోతాయి,
కుడి మోకాలి మీద ఇందాక లేని మచ్చ,
చొక్కా బొత్తామంత.
"మోకాలు మారిందోయ్!"
హాలు హాలంతా ఒకటే గోల.

నాలుగో వరస, గోడ పక్క సీటు:
స్కూలు బస్సు నడిపే వెర్లీన్.
పదమూడేళ్ళుగా ఒక్కతే వస్తుంది.
ప్యాడ్లు కట్టుకోదు, అరవదు.
పోయినేడు ఏసీ చెడిపోయి
అందరూ నిక్కర్లలో వచ్చారు.
చింపిన టికెట్ ముక్క జారిపడితే
తీద్దామని వంగాను.

బొత్తామంత మచ్చ.

వంగినవాణ్ణి అలాగే ఉండిపోయాను కాసేపు.
"పదహారేళ్ళు అప్పుడు," అంది పైనుంచి,
"రోజుకి నలభై డాలర్లు.
దూకగలిగిన మగపిల్లలందరికీ మీసాలున్నాయట,
గీసుకోమంటే ఒక్కడూ ఒప్పుకోలేదట."
సినిమా చివర పేర్లు పడతాయి కదా,
అందులో ఈమె లేదు.
పిల్లులున్నాయి, రెండూ.

"మరి వీళ్ళంతా నవ్వుతుంటే..." అని నసిగాను.
"నవ్వడానికే అయినా,
ఆ రెండు సెకన్లూ ఒక్కడూ కన్నార్పడు, చూడు."

చూశాను. తెరని కాదు, ఆమెని.
అంచు వచ్చేసరికి ఎడమ మడమ
చెప్పులోంచి కొద్దిగా లేచింది,
భుజం ఒక పక్కకి ఒరిగింది,
సీటు కిర్రుమంది.
అటు తెర మీద బోర్డు గాల్లో ఉంది,
నీలం పలకల మీద చిన్న నీడ,
విగ్గు ఎగురుతోంది, కింద పడటం లేదు.
మళ్ళీ హీరో మొహం. చెమట కూడా లేదు వాడికి.
వెర్లీన్ పాప్‌కార్న్ నోట్లో వేసుకుంది.

ఈ ఏడు నేనూ ప్యాడ్లు కొన్నాను.
కొలను సీను రాగానే, అందరితో పాటు లేచి
నా మటుకు నేను అరిచాను:
"మోకాలు వచ్చిందోయ్!"

డైలాగు తప్పానని
పక్కవాడు తన ప్యాడ్ మీద
టకటకా కొట్టాడు.