ఓథర్‌బీ

ఓథర్‌బీకి బస్సు లేదు.
ఓథర్‌బీ కూడా లేదు.
లింకన్‌షైర్ పటంలో సన్నటి అక్షరాల్లో పేరుంది.
చివరి 'బీ' అంటే పాత డేన్ల మాటలో ఊరట.
ఊరు పోయి, ఊరన్న మాట మిగిలింది.

చూడాలంటే మధ్యాహ్నం రావొద్దు.
పొద్దు వాలి, వెలుగు గడ్డిని అడ్డంగా కోసేటప్పుడు రండి.
అప్పుడు లేస్తాయి గోడలు,
చీలమండ ఎత్తున, నీడలుగా.
ఇదిగో పల్లం వీధి. బండ్లు ఒరిసి ఒరిసి నడుంలోతు దిగింది.
దురదగొండి ఎక్కడ ఒత్తుగా ఉంటే అక్కడ కాపరాలుండేవి:
బూడిద, పెంట, చేపముళ్ళు.
అయిదొందల ఏళ్ళయినా ఆ పాటిమన్ను బలం చావలేదు.

పోయినేడు ఎండకి గడ్డి మాడినప్పుడు
చర్చి మొత్తం తేలింది, పసుపు గీతల్లో.
ఎనిమిదో రోజు వాన పడింది. మూసుకుంది.

తాళ్ళూ మేకులూ పట్టుకొచ్చిన చదువుకునే పిల్లాడు, ఐవో,
పాత చిట్టా ఒకటి చదివి వినిపించాడు:
గన్నిల్డ, థర్‌స్టన్ పెళ్ళాం,
బీరు పలచగా కాచినందుకు రెండు పెన్నీల జరిమానా.
అంతే. ఆమె గురించి లోకం రాసుకున్నది అదొక్కటే.
మరీ అంత పలచగా ఉండేదా, అనడిగాను.
వాడు నవ్వాడు. నేను నవ్వలేదు.

ప్లేగు అంటారు అందరూ. ప్లేగు సగమే తిన్నది.
మిగతా సగం నా గొర్రెల ముత్తవ్వలు మేశాయి.
ఉన్నికి ధర పలికిందని దొర కంచె వేయించాడు,
అరకలు మూలపెట్టించాడు, ఇళ్ళ చూర్లు పీకించాడు.
గొర్రె కసాయిని నమ్ముతుందంటారు.
ఇక్కడ మనుషులే గొర్రెల్ని నమ్మారు.

అయినా, మార్చిలో సముద్రం మీంచి గాలి కోసుకొచ్చినప్పుడు
చూలు గొర్రెలు ఎక్కడ పడుకుంటాయో తెలుసా?
ఆ గట్ల లోపల. ఇళ్ళల్లో.
గట్టు దూకవు.
వాకిలి ఉన్న సందులోంచే పోతాయి,
ఒకదాని వెనక ఒకటి.

లాంతరు పట్టుకుని లెక్కపెడతాను, మా తాత నేర్పిన లెక్క:
యాన్, టాన్, టెథెరా, పెథెరా, పింప్...
ఈ అంకెలు ఇంగ్లీషు కంటే పాతవి కావచ్చంటాడు ఐవో.
గొర్రెలకి తప్ప దేనికీ పనికిరావు.
ఇరవై దాకానే ఉన్నాయి.

నిన్న రాత్రి నల్లమూతిది ఈనింది,
పొయ్యి ఉండాల్సిన చోట.
అరచేత్తో నేల తడిమి చూశాను, ఎందుకో.
చల్లగానే ఉంది.
పిల్ల వెచ్చగా, జిగటగా, అప్పుడే లేవబోతూ.

ఇరవై అయిపోయాయి.
గులకరాయొకటి ఈ జేబులోంచి ఆ జేబులోకి మార్చి
మళ్ళీ 'యాన్' అన్నాను.