ఏమీ లేని బరువు

చోంగ్‌చింగ్‌లో పొగమంచు మెట్లెక్కదు.
నేను ఎక్కేవాణ్ణి.
భుజాన వెదురు కావడి, రెండు కొసలా
ఎవరివో టీవీలు, ఎవరివో నారింజ బుట్టలు,
ఒకసారి పెళ్ళివారి అద్దాల బీరువా;
అందులో నా మొహం నాకంటే ఒక మెట్టు వెనగ్గా
ఊగుతూ వచ్చింది.
రేవు నుంచి బజారుకు రెండువందల పన్నెండు మెట్లు.
ముప్ఫై ఒక్క ఏళ్ళు.

డాక్టరు కాగితం మీద గుండె గీసి
పాత సంచిలా సాగిపోయిందన్నాడు.
సంచుల సంగతి నాకా చెప్పడం!

ఊరి సరుకంతా తూచినవాణ్ణి
పొద్దున్నే నన్ను నేను తూచుకుంటున్నాను.
రాత్రికి రాత్రి కిలో పెరిగితే
అది తిన్న అన్నం కాదు, ఒంట్లో నిలిచిన నీరు.
మూడు దిండ్లు లేనిదే ఊపిరాడదు.
మూడోది పెయ్‌రోంగ్‌ది.
తను చెయ్యి మడిచి తలకింద పెట్టుకుంటుంది,
నాకు తెలియదనుకుంటుంది.

పార్కులో తాన్ యూజెన్, రిటైరైన నర్సు,
పొట్టి మనిషి, ఎర్ర ఫ్లాస్కు,
"ఎత్తు" అంది.
ఏం ఎత్తాలి?
"ఏమీ లేదు. దాన్నే ఎత్తు."
నవ్వొచ్చింది, వెనకే దగ్గొచ్చింది.

కూలి లేని పని, సరుకు లేని మోత.
చేతులు పైకి లేస్తుంటే ఊపిరి లోపలికి,
దిగుతుంటే బయటికి.
మాట్లాడుతూ చెయ్యగలిగినంతే చెయ్యాలి,
మాట తెగిందా, కూర్చోవాలి.
అందుకే రేడియోలు బాగుచేసే కువాంగ్ నోరు మూయడు:
"మా ఇంట్లో టైముకి నడిచేది
నా పేస్‌మేకరొక్కటే."

భుజం మీద కాయ కాసినచోట
ఆమె రెండు వేళ్ళు ఆనించి "దించు" అంది.
దించేశానమ్మా, నిరుడే.
"కావడి దించావు. భుజం దించలేదు."

ఆ మాటకి ఏం చెప్పాలో తెలీక
చెట్టువైపు చూశాను.

మొన్న ఒక కుర్రాడు ఫ్రిజ్ వీపున కట్టుకుని
పార్కు పక్క మెట్లెక్కుతున్నాడు.
నా మోకాళ్ళు వాటంతటవే వంగాయి,
వాడి బరువులో సగం నాకొచ్చినట్టు.
"అదీ! అలాగే ఉంచు" అని అరిచింది యూజెన్.
మూడు నెలలుగా కుదరని భంగిమ.
కుర్రాడు మలుపు తిరిగేదాకా కదల్లేదు నేను.

ఇంటికి పద్నాలుగు మెట్లు.
ఏడో మెట్టు మీద ఆగుతాను ఇప్పుడు.
ఇన్నేళ్ళూ అక్కడో కిటికీ ఉందనే ఎరగను.
విరిగిన టీ కెటిల్లో
ఎవరో ఉల్లికాడలు పెంచుతున్నారు.
ఇవాళ కోసుకున్నట్టున్నారు,
వాసన ఇంకా ఉంది.