ఒక ఊపిరికి ఐదు

ఎండ ఎదురుకొండ నెత్తిన అంటుకుంటుంది,
లోయలోకి ఇంకా దిగదు.
ఆ సందులోనే చెయ్యి చూడాలనేవాడు ఆమ్చీ పల్జోర్.
టీ తాగకముందు. పొయ్యి దగ్గర చేరకముందు.
డోల్పోలో ఆ సందు కూడా మంచు దయ.

మగవాళ్ళకి ఎడమ చెయ్యి ముందు, ఆడవాళ్ళకి కుడి.
మణికట్టు గీత నుంచి బొటనవేలి కణుపంత కిందికి,
వేలికీ వేలికీ నడుమ యవగింజ పట్టేంత ఎడం.
చూపుడువేలు చర్మం దాకా,
నడిమివేలు కండ దాకా,
ఉంగరపువేలు ఎముక దాకా.
మొదటి చలికాలమంతా నాకు ఎముక దొరకలేదు.
"నొక్కుతున్నావు యుద్రోన్,
నొక్కితే పారిపోతుంది. విను."
వేళ్ళతో వినడమేమిటో తెలియక
రాత్రిళ్ళు జడలబర్రె మెడమీద చెయ్యేసి కూర్చునేదాన్ని.
అది తన మానాన తాను నెమరేసేది.

రెండో చలికాలం మూత్రం.
తెల్ల పింగాణీ గిన్నెలో పోసి, పుల్లతో గిలక్కొట్టి
బుడగలు పెద్దవై నీలంగా నిలిస్తే వాతం,
చిన్నవై పచ్చగా, పుట్టీ పుట్టకుండానే పగిలితే పిత్తం,
ఉమ్మిలా అతుక్కుంటే శ్లేష్మం.
గొర్రెల థోక్మే ఒకసారి సీసా నిండా యవల కల్లు తెచ్చిచ్చాడు,
మా అన్నది చూడమని.
ఆయన గిలక్కొట్టాడు, వాసన చూశాడు,
"మందుకి మళ్ళీ మందెందుకురా?" అన్నాడు.

ఆ తర్వాత లెక్క.
గడియారం లేదు, వైద్యుడి ఊపిరే గడియారం.
నేనొకసారి పీల్చి వదిలేలోగా
నీ నాడి ఐదుసార్లు కొట్టుకుంటే బాగున్నావు.
ఆరో ఏడో అయితే వేడి.
మూడో నాలుగో అయితే చలువ.
అందుకే వైద్యుడు ముందురోజు కొండెక్కకూడదు,
ఎవరితోనూ పోట్లాడకూడదు,
పక్కింటి మేక తన యవలు మేసినా సరే.

ఈ ఏడు మంచు తొందరపడింది.
ఈ ఏడు ఊరంతా చలువే అన్నాడు.
చిమికి చలువ. చిమి అత్తకి చలువ.
ఉప్పు బేరం నుంచి చెమటలు కక్కుతూ వచ్చిన
తర్గ్యేకి కూడా చలువ.
దానిమ్మగింజలూ అల్లమూ మిరియాలూ
నూరి నూరి నా అరచేతులు మండాయి.
తర్గ్యే నాలుక నేను చూశాను,
పసుపు పూసినట్టు మందంగా పొర కట్టి ఉంది.
పొడి తిన్న రాత్రి వాడు పలవరించాడు.
నేనేమీ అనలేదు.
గురువు వేళ్ళని అనుమానించడమంటే
కనుమ మీద, మంచులో, చెప్పులు విప్పడం.

ఆ రాత్రే పొయ్యికి అవతల ఆయన్ని విన్నాను.
చెవులతోనే.
పడుకునే ఉన్నాడు,
ఊపిరి మాత్రం ఎక్కడికో ఎక్కుతోంది.
పొట్టిపొట్టిగా, మెట్టుకొకటిగా.
అంత కురచ ఊపిరిలో ఐదెలా పడతాయి?
మూడే పడతాయి.
ఊరికేమీ కాలేదు.

తెల్లారి టీ పెట్టలేదు.
తర్గ్యే సంగతి ఎత్తుదామని వెళ్ళినదాన్ని
"ఎడమ చెయ్యి" అన్నాను.
చాలాసేపు చూశాడు.
తర్వాత చలికోటు చెయ్యి పైకి లాక్కున్నాడు,
ఏ రోగినీ నేనలా లాగనివ్వలేదు, అంత నెమ్మదిగా.

నా ఊపిరి నాకే తడబడింది. ఆపి, మళ్ళీ మొదలుపెట్టాను.
చర్మం. కండ.
ఎముక దగ్గర, అడుగున,
జనం దాటి వెళ్ళిపోయాక కూడా ఊగే తాటివంతెన.

"ఎన్ని?"
"ఏడు. మధ్యలో ఒకటి ఎగిరిపోతోంది."
"నాకు నాలుగే వచ్చేవి" అన్నాడు.
"నెల్నాళ్ళుగా నాలుగే.
ముసలాడికి చలువే కదా అనుకున్నాను."
నవ్వబోయి దగ్గాడు.

తర్గ్యే ఇంటికి ఇద్దరం వెళ్ళాం.
నాలుగు గడపల దూరానికి ఆయన మూడుసార్లు కూర్చున్నాడు.
నేను చెయ్యి చాపితే తోసేశాడు.
"నీ వేళ్ళకింకా తొందరెక్కువ. నువ్వు ఊపిరి తియ్యి,
నాకు వినపడేట్టు తియ్యి. నాడి నేను పట్టుకుంటా."

తర్గ్యే పెళ్ళాం గుమ్మంలో పిల్లల నోళ్ళు మూసింది.
పీల్చాను.
వదిలాను.
"ఆరు" అన్నాడు కళ్ళు మూసుకునే.
"ఇంకా ఉంది నీలో, దాచుకోకు. వదులు."
వదిలాను.
"ఏడు."