మబ్బు కార్డు

ఇంటర్వ్యూ రాత్రి రెండింటికి.
సియోల్‌లో అప్పటికి పొద్దున తొమ్మిది,
ఆఫీసు దీపాలు, వేడి కాఫీ.
క్వాజఖెలెలో మా వీధికి
సరిగ్గా రెండు నుంచి నాలుగున్నర దాకా కరెంటు కోత.
అదేం జాతకమో!

టార్చి సిద్ధం. ఫోను నిండా చార్జింగు.
తెల్ల చొక్కా ముందు భాగమే ఇస్త్రీ చేశాను,
వీపు వాళ్ళకెలాగూ కనబడదు.
కింద మా అక్క పాత పైజామా.
గోడ పెచ్చులు దాచడానికి ఒక దుప్పటి.

"టీచర్ ఎందుకవ్వాలనుకుంటున్నారు?"
అద్దంలో పిల్ల తడుముకోకుండా అప్పజెబుతుంది:
చిన్నప్పటి నుంచీ పిల్లలంటే ప్రాణం.
అబద్ధానికి వెన్నెముక ఇంత నిటారుగా ఉంటుందని
ఇవాళే తెలిసింది.
నిజానికి ఆ జీతంతో
కాలేజీ అప్పు రెండేళ్ళలో తీరుతుంది.

డెమో పాఠం పదిహేను నిమిషాలు. వాతావరణం.
ఎండ, వాన, గాలి, మబ్బు,
కార్న్‌ఫ్లేక్స్ డబ్బా కోసి చేసిన కార్డులు.
ఎనిమిదేళ్ళ పిల్లలు కావాలి.
దొరికింది డెబ్భై ఏళ్ళ గ్చొబాని తాత,
పక్కింట్లో నిద్రపట్టని మనిషి,
రేవులో ఉన్ని మూటలు మోసిన వీపు.
టోపీ తీసి మరీ వచ్చి
బకెట్ బోర్లించుకుని కూచున్నాడు.

"నువ్విప్పుడు కొరియా పిల్లాడివి తాతా."
"సరే టీచర్." చేతులు కట్టుకున్నాడు.

ఎండ అంటే ఎండ అన్నాడు.
వాన అంటే మా ఇంటి రేకుల వంక చూశాడు.
మబ్బు దగ్గర చెయ్యెత్తాడు.
నేను రాసుకున్న పాఠంలో
ఎవరూ చెయ్యెత్తరు.

"ఈ మొదటి అక్షరం, కొరికిన రొట్టెలా ఉన్నది,
నా పెన్షన్ కార్డు మీద కూడా ఉంది. ఏమిటది?"

అయ్యో పాపం అనేటప్పుడు
పళ్ళ వెనక నాలుక చ్చ్ అంటుందే,
తాత పేరు నడుమ ఉండేది ఆ చప్పుడే.
అది నోరు తిరగని గుమాస్తా
ముప్ఫై ఏళ్ళు జాక్సన్ అని పిలిచాడు.
ముప్ఫై ఏళ్ళు తాత
జాక్సన్ పక్కన వేలిముద్ర వేశాడు.

"ఇంగ్లీషులో అది క అంటుంది తాతా.
మనింటికొస్తే చ్చ్ అంటుంది."
"రెండూ ఒకటే అక్షరమా?"
"ఒకటే."
"రెండిళ్ళ పిల్లి," అని నవ్వాడు.

దుమ్ము పట్టిన కిటికీ మీద
వేలు పట్టి రాయించాను.
ఒంటిగంట అయింది. ఒంటిగంటన్నర అయింది.
నవ్వే తీరు, వీసా ప్రశ్నలు, జీతం ఊసెత్తకూడదన్న జాగ్రత్త
ఏవీ వల్లెవేయలేదు.
అయిదుసార్లు అక్షరం అటు తిరిగి అలిగింది.
ఆరోసారి
ఇటు నోరు తెరుచుకుని బుద్ధిగా కూచుంది.
తాత మాట్లాడలేదు.
వేలికంటిన దుమ్ము తుడుచుకోలేదు.

రెండు. కరెంటు పోయింది.
ఫోను వెలుగులో ముగ్గురు మనుషులు, మూడు గళ్ళలో.
"టీచర్ ఎందుకవ్వాలనుకుంటున్నారు?"
చిన్నప్పటి నుంచీ, అని మొదలుపెట్టి
ఆగాను.
ఒక్క నిమిషం అని
టార్చి కిటికీ మీదికి తిప్పాను.

వాళ్ళకేం కనిపించిందో తెలీదు.
పాఠం చెప్పమన్నారు.
కార్డులు మూడే ఉన్నాయి.
నాలుగోది తాత జేబులో ఇంటికెళ్ళింది.

ఈరోజు మబ్బుల్లేవు, అన్నాను.