కొలకర్ర

సిరొంచ బస్టాండు ఎనుక, జిరాక్సు దుకాణం అటక మీద
నా కంప్యూటరు. కరెంటు ఉన్నంత సేపే రాజ్యం.
ఆటల నా పక్కపొంటి నడిచేటోడు ఒకడున్నడు,
తలుపంత డాలు, ఎడ్లబండి గీరంత భుజం.
పేరు ఇంగ్లీషుల ఏదో ఉన్నది, నోరు తిరగదు.
నేను డాలోడు అంట.

నాలుగు దినాల సంది వాడే నన్ను కాపాడిండు.
తోడేళ్లను తోలిండు,
కూలే గోడను వీపుతోని ఆపిండు.
రాత్రి మంట కాడ కూసుండి, ఎన్నడు లేంది,
తన బిడ్డ ముచ్చట తీసిండు.
అప్పుడే నాకు అనుమానం రావాలె.

తెల్లారి వంతెన. అవతలి ఒడ్డున కొమ్ములోడు.
తెరకు పైన ఒకటి, కింద ఒకటి నల్లపట్టీలు పడ్డయి.
అంటే ఇగ కథ వాళ్లది, చూసుడే మనది.
ఏ బటను ఒత్తినా ఇనదు.
డాలోడు నన్ను ఎనుకకు నూకి ముందటికి ఉరికిండు.
ఒక్కటే దెబ్బ.
డాలు రెండు చెక్కలు.

ఎనుక నుంచి బీరయ్య కాక:
"గదేందిరా? నిన్న ఇరువై మందిని పడగొట్టినోడు
ఒక్క దెబ్బకు గట్లెట్ల పోతడు?"
"కొమ్ములోడు ఎంత బలమైనోడో మనకు తెల్వాలె కద కాకా."
"తెల్వాలంటే వీన్ని పండవెట్టాల్నా?"

నేను ఆ మాట అనకుండా ఉండాల్సింది.
మా ఊర్ల ముప్పై ఏండ్ల సంది ఒక ముచ్చట నడుస్తది:
బల్లార్షా కబడ్డీ టీము వచ్చింది,
ఎంత గట్టి టీమంటే
మన బీరయ్యనే మొదటి కూతల పండవెట్టింది.
చాయ్ హోటల్ల, పెండ్లి బంతిల,
ప్రాణహితల పడవ నడిచిన నాడు పడవల,
ఇప్పుడు బ్రిడ్జి మీద ఆటోల.
అంతకు ముందు కాక ఎందరి నడుములు పట్టి ఆపిండో
ఎవ్వలు ఎంచలే.
బల్లార్షా ఎత్తు కొలిచిన కర్ర ఆయన.
కర్ర పొడుగు ఎవ్వలు అడగరు.

ఆ దినం ఎడమ మడిమ బెణికి ఉండెనట.
కాక ఎన్నడు చెప్పలే. చిన్నమ్మ చెప్పింది,
అది సుత చేటల బియ్యం చెరుగుకుంట,
నా దిక్కు చూడకుండ.

"ఎనుకకు పో" అన్నడు కాక.
"ఏడికి?"
"మంట కాడికి."
సేవ్ చేసిన జాగ తెరిచిన.
డాలోడు కూసుండి ఉన్నడు, చేతిల రొట్టె,
బిడ్డ ముచ్చట మళ్ల మొదలువెట్టిండు.
"గీడ్నే ఉంచు. వంతెన మీదికి తీస్కపోకు."
"ఆట ముందటికి పోదు కాకా."
"పోకుంటే ఏమాయె."

ఇగ రోజు వస్తడు, బియ్యం మిల్లు బందయినంక,
బనీను మీద తవుడు దుమ్ముతోని,
నిచ్చెన సగం ఎక్కంగనే అడుగుతడు, "ఉన్నడా?"
"ఉన్నడు."
తెర మీద మంట కాలుతనే ఉంటది, కట్టెలు తరగయి.
డాలోడు అదే ముచ్చట చెప్తడు.
కాకకు ఇంగ్లీషు రాదు. తల ఊపుతడు,
నడుమ ఒకపారి నవ్వుతడు కూడ,
సరిగ్గ నవ్వాల్సిన కాడ కాదు.

ఒక్కటి కాకకు చెప్పలే.
వేరే ఫైల్ల ఆట అయిపోగొట్టిన.
అర్ధరాత్రి, వంతెన దాటి, ఆ పగిలిన డాలు ముక్కతోనే
కొమ్ములోన్ని చంపిన.
తర్వాత పేర్లు పైకి పాకుడు షురువైంది, వందల పేర్లు.
ఎప్పుడైతే బంద్ చేసి పండుకుంట.
ఆ రాత్రి కండ్లు మండుతున్నా డాలోని పేరు కోసం చూసిన.
వచ్చింది.
కొమ్ములోని పేరుకు నలుపై వరసల కింద,
సన్నటి అచ్చుల.